మెట్ల కింది నురగ

మా పడవలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ముందు మెట్ల కింది అర. దానికి నేలచెక్క లేదు. తలుపు తెరిచి చెయ్యి పెడితే నేరుగా పడవ అడుగు ఇనుప రేకు తగులుతుంది. ఆ రేకుకు అటు పక్క కాలువ నీళ్లు. మార్చిలో పెడితే వేళ్లు జివ్వుమంటాయి, జూన్‌లో పెడితే తీయబుద్ధి కాదు. కరెంటు తీగ లేని ఆ ఇంట్లో మా ఫ్రిజ్ అదే. పెరుగు గిన్నె, పచ్చిమిరపకాయలు, తడిగుడ్డలో చుట్టిన కొత్తిమీర అక్కడే ఉండేవి. వాటి పక్కన మూత పెట్టిన తెల్ల బకెట్టులో బీరు పులుస్తూ ఉండేది.

బీరు అనగానే బ్రాక్‌నెల్‌లోని మా తెలుగు స్నేహితులు నన్ను చూసే చూపు మారిపోయింది. బీటెక్ చదివి, లండన్ పక్కన ఉద్యోగం చేస్తూ, వారాంతాల్లో సారా కాస్తోందని ఒక ఆంటీ నవ్వుతూనే అంటించింది. "ఊరంతా ఒకదారి, ఉలిపికట్టెది ఒకదారి" అని ఇంకొకామె సాగదీసింది. నేను తాగేది రుచికి నాలుగు గుక్కలే అంటే ఎవరూ నమ్మలేదు. నమ్మకపోతే మానె. ఆ బకెట్టు లోపల జరిగే పని ఒక్కసారి చూస్తే వాళ్లూ నాలాగే నోరు తెరుచుకుని కూర్చునేవాళ్లు.

పడవ కొనాలన్న ఆలోచన మా ఆయనది. ఆయనది గోదావరి పక్క ఊరు, కంటికి నీళ్లు కనిపించకపోతే నిద్ర పట్టదంటాడు. మాది అనంతపురం జిల్లా. మాకు బిందెడు నీళ్లు కనిపిస్తే పండగ. 2016లో బ్రాక్‌నెల్ ఫ్లాట్ ఖాళీ చేసి, రెడింగ్ దాటాక కాలువ గట్టున కట్టేసి ఉన్న ఒక నారోబోట్‌లోకి మారాం. పొడవు రైలుపెట్టెంత, వెడల్పు మంచమంత. పైకప్పు మీద సోలార్ పలకలు ఇచ్చే కరెంటు దీపాలకూ, నీళ్ల పంపుకూ, లాప్‌టాప్‌లకూ సరి. వెచ్చదనానికి కట్టెల పొయ్యి, వంటకు గ్యాస్ బండ. ఇద్దరం ఆఫీసుకు రైల్లో వెళ్లి వచ్చేవాళ్లం.

మా ముందు కట్టిన పడవలో ఒక ఇంగ్లీషావిడ ఒక్కతే ఉండేది. డెబ్బై దాటిన మనిషి. నేను ఆంటీ అని పిలిస్తే మొదట్లో నవ్వింది, తర్వాత అలవాటు పడింది, ఆ తర్వాత ఎప్పుడైనా పిలవకపోతే మొహం ముడుచుకునేది. రోజూ పొద్దు వాలే వేళకు పడవ ముందు భాగంలో చిన్న కుర్చీ వేసుకుని, అర గ్లాసు రాగిరంగు బీరు తాగేది. చాలా నెమ్మదిగా తాగేది. మా జేజి, అంటే మా నాయనమ్మ, పూజ చేసుకుంటున్నప్పుడు ఉన్నంత నెమ్మది ఆమెలో ఉండేది.

ఒక శనివారం పొద్దున్నే వచ్చి మా కిటికీ తట్టింది.

"నా వేళ్లు ఇవాళ మాట వినడం లేదు. ఒక బకెట్టు బయటికి ఎత్తాలి, వస్తావా?"

వేళ్ల కణుపులు వాచి ఉన్నాయి. వెళ్లాను. ఆమె పడవలోనూ ముందు మెట్ల కింద అలాంటి అరే ఉంది. అందులో ఒక పెద్ద బకెట్టు, మూత మీద గాజు గొట్టం. గొట్టంలోని నీళ్లలోంచి ఉండుండి ఒక బుడగ పైకి వచ్చి బుడుక్కుమంది. కాస్త ఆగి మళ్లీ బుడుక్కుమంది. నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"భయపడకు. ఊపిరి తీస్తోంది, అంతే."

మూత తీసింది. లోపల తెల్లటి నురగ, మీగడంత మందంగా, మధ్య మధ్య గోధుమరంగు మచ్చలతో, నిండుగా పొంగి ఉంది. ఎవరూ కలపడం లేదు. కింద మంట లేదు. అయినా ఆ నురగ నా కళ్లముందే మెల్లగా కదులుతోంది. ఒక బుడగ పగిలింది, దాని పక్కనే ఇంకొకటి లేచింది. పండిన బేరిపండు వాసన గుప్పుమంది. నేను ఎంతసేపు వంగి చూశానో తెలియదు. నా నడుము పట్టేసింది కానీ నాకు లేవాలనిపించలేదు.

ఆ బీరు మొదట ఆమె భర్తది. ఆయన పోయి అప్పటికి రెండో శీతాకాలం. ఆయన ఉన్నన్నాళ్లూ ఏడాది పొడుగునా అక్కడే కాచేవాడట. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీళ్లలో నానబెట్టి, ఆ తీపినీళ్లు వడకట్టి, హాప్స్ అనే చేదు పువ్వులు వేసి మరిగించి, చల్లారాక అందులో ఈస్ట్ కలుపుతారు. మా సీమలో రాగులు మొలకగట్టి మాల్టు చేస్తారు కాబట్టి సగం పని నాకు తెలిసినట్టే అనిపించింది. ఈస్ట్ మాత్రం ఆయన కొన్నది కాదు. కుర్రతనంలో ఎక్కడో సంపాదించి, ప్రతిసారీ బీరు పొంగినప్పుడు పైనున్న నురగ కాస్త తీసి సీసాలో దాచి, మళ్లీ కాచినప్పుడు అదే వేసేవాడు. ఆయన పోయాక ఆమె ఆయన బట్టలు చారిటీ షాపుకిచ్చింది, పనిముట్లు గట్టు మీదున్న వాళ్లకిచ్చింది. సీసా మాత్రం ఇవ్వలేదు.

"బట్టలు ఆయన తొడుక్కున్నవి" అంది. "ఇది ఆయన బతికించినది."

ఫ్రిజ్‌లో పెట్టి మరిచిపోయే వస్తువు కాదది. నెలలో ఒకటి రెండుసార్లయినా కాచి, తాజా నురగ తీయకపోతే చచ్చిపోతుంది. మా ఇళ్లల్లో పెరుగు తోడు లాగా అన్నమాట. ఇవాళ తోడు పెట్టకపోతే రేపు పెరుగు లేదు, ఎల్లుండికి తోడూ లేదు. వేళ్లు వంగని ఆ మనిషి రోజూ అర గ్లాసు తాగేది ఆ సీసాను బతికించుకోవడానికని అప్పుడు అర్థమైంది. ఆ రోజు నుంచి ఆమె బకెట్లు దించడం, ఎత్తడం నా పని.

కొన్నాళ్లకు నాకూ సొంతంగా కాయాలని ఆశ పుట్టింది. ఆమె ఒక చిన్న సీసాలో నురగ పోసి ఇచ్చింది. జనవరి నెల. కాలువ అంచుల్లో మంచు పేరుకుంది. ఈ దేశంలో తెలుగువాళ్ల శీతాకాలం సంగతి తెలిసిందే కదా. ఏ ఇద్దరు కలిసినా మొదటి మాట "మీకు పిండి పులుస్తోందా?" అనే. ఒకరు ఓవెన్‌లో దీపం వేసి పెడతారు, ఒకరు బాయిలర్ పక్కన పెడతారు, ఇక స్వెట్టర్ తొడిగి ఒళ్లో పెట్టుకోవడం ఒక్కటే తక్కువ. నేను అదే తెలివి బీరుకు వాడాను. బకెట్టును కట్టెల పొయ్యి పక్కన పెట్టి, మా ఆయన కప్పుకునే రజాయి చుట్టూ చుట్టి, పైన తాడు కట్టాను.

"ఏంటే, బీరుకి చలేత్తాందా? మరి నేనేం కప్పుకోవాలి?" అన్నాడు మా ఆయన.

"నువ్వు ఊరికుండప్పా. దోసెపిండి పులిసేకి వెచ్చగుండల్ల. ఇది గూడ అంతే కదా."

తెల్లారేసరికి మూత లేచి, నురగ రజాయి మీదికీ, అక్కడి నుంచి నేల మీదికీ పారింది. నా సంతోషానికి హద్దు లేదు. ఆంటీని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించాను. ఆమె రజాయినీ, పొయ్యినీ, నన్నూ వరసగా చూసి, మెట్ల మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆ బీరు చివరకు గోళ్లరంగు చెరిపే మందు వాసన వేసింది. మా ఆయన మొండికేసి ఒక గ్లాసు తాగి, మర్నాడంతా తల పట్టుకుని కూర్చున్నాడు.

"దీన్ని తొందరపెట్టకూడదు" అంది ఆంటీ. "వేడిలో పరిగెడుతుంది, పరిగెత్తితే చెడుతుంది. చల్లగా ఉంచు. కాలువ చూసుకుంటుంది."

కాలువ ఎలా చూసుకుంటుందో ఆమె చూపించింది. బకెట్టును మెట్ల కింది అరలో ఇనుప రేకు మీద పెట్టాలి. నీళ్లు మరీ చల్లగా ఉన్న రోజుల్లో బకెట్టు కింద పాత న్యూస్‌పేపర్లు మడిచి వేయాలి. ఎండ కాసే రోజుల్లో ఒక్కొక్కటే తీసేయాలి. ఆమె భర్త చేసిన టెంపరేచర్ కంట్రోల్ మొత్తం అంతే. ఎన్ని పేపర్లు వేయాలో చెప్పే లెక్క ఏదీ లేదు. పొద్దున్నే బకెట్టు ఒంటి మీద అరచెయ్యి ఆనించి చూడటమే. పసిపిల్లకు జ్వరం చూసినట్టు చూడమంది.

నేను చూశాను. రోజూ ఆఫీసుకు బయలుదేరే ముందు అరచెయ్యి ఆనించేదాన్ని. అప్పుడు తెలిసింది నాకు, ఆ బకెట్టు తన చుట్టూ ఉన్న చలికంటే ఒక పిసరు వెచ్చగా ఉంటుందని. పొయ్యి లేదు, దీపం లేదు, తీగ లేదు. లోపలున్నవి తమంతట తామే వేడి పుట్టించుకుంటున్నాయి. అటు నుంచి కాలువ ఆ వేడిని మెల్లగా తీసుకుపోతోంది. నేను పగలంతా పనిచేసే చోట సర్వర్ల గది చల్లగా ఉంచడానికి ఎన్ని యంత్రాలు అరుస్తుంటాయో నాకు తెలుసు. ఇక్కడ ఒక్క చప్పుడూ లేదు. కాలువ ఒకటి, ఇనుప రేకు ఒకటి, నాలుగు పాత పేపర్లు. ఆ పొద్దున ఆ చిన్న అర ముందు మోకాళ్ల మీద కూర్చుని నేను రైలు మిస్సయ్యాను. కాస్త కూడా బాధ వేయలేదు.

2018 వసంతంలో ఒక రోజు దీపాలు పెట్టే వేళ, మా వెనకాల కొత్తగా వచ్చి ఆగిన పడవలోంచి ఒక అమ్మాయి వచ్చింది. సొంత రేవు లేని పడవలు రెండు వారాలకు మించి ఒకచోట ఉండకూడదు, అలా తిరుగుతూ కిటికీలోంచి రొట్టెలు అమ్ముకునే అమ్మాయి.

"మీ పడవలోంచి నురగ వాసన వస్తోంది. పూర్వం రొట్టెలు దాంతోనే పొంగించేవారట. నాకు కాస్త ఇస్తారా?"

మా జేజి నియమాలు రెండు. తోడు అడిగితే లేదనకూడదు. దీపాలు పెట్టాక ఇవ్వకూడదు. నేను "రేపు పొద్దున" అన్నాను. పాపం, ఆ పిల్ల మొహం చిన్నబోయింది. ఇక్కడ "తర్వాత చూద్దాం" అంటే కుదరదని మర్యాదగా చెప్పడం కదా, అలా అనుకుంది. పొద్దున్నే నేనే జామ్ సీసా నిండా నురగ పట్టుకెళ్లి ఇచ్చేసరికి నమ్మలేక చూసింది. మా ఆయన మాత్రం గొణిగాడు.

"ఆవిడ మొగుడిది అది. ఆవిణ్ణి అడక్కుండా ఎలా ఇచ్చేత్తావ్?"

"తోడు ఇచ్చేకి అడిగేదేముండాది?" అన్నాను. నిజంగా నాకు ఆ ప్రశ్నే తట్టలేదు. ఇచ్చిన తోడు గురించి ఎవరూ పశ్చాత్తాపపడటం మా ఊళ్లో చూడలేదు. పొద్దుపోయేసరికి ఆ సంగతే మరిచిపోయాను.

ఆ జూన్‌లో ఆంటీకి తుంటి ఆపరేషన్ కుదిరింది. తర్వాత కోలుకోవడానికి గ్లాస్గోలో చెల్లెలి ఇంట్లో వేసవంతా ఉండాలి. బయలుదేరే ముందురోజు సీసా తెచ్చి నా చేతుల్లో పెట్టింది. పెట్టాక కూడా వెంటనే వదల్లేదు, నా చేతుల మీద ఆమె చేతులు అలాగే ఉన్నాయి.

"నేను తిరిగొచ్చేసరికి ఇది ఉంటే చాలు" అంది. "బీరు బాగుండక్కర్లేదు."

నేను తలూపాను.

ఆ ఏడు ఎండలు ఎవరూ మరిచిపోరు. గడ్డి అంతా మాడి, మా అనంతపురం పక్క ఊళ్ల రంగుకు వచ్చింది. ఇనుప పైకప్పు మీద పాదం పెట్టలేము. చివరకు కాలువ కూడా వేడెక్కింది. అరలో చెయ్యి పెడితే ఎప్పటి చల్లదనం లేదు, కింద తీయడానికి ఇక పేపర్లూ లేవు. నాకు భయం పట్టుకుంది. అప్పుడు గుర్తొచ్చింది జేజి నీళ్లకుండకు చుట్టే తడి గోనె. ఇండియన్ షాపులో బాస్మతి బియ్యం వచ్చే గోనెసంచి మా దగ్గర ఉంది. దాన్ని తడిపి బకెట్టుకు చుట్టి, కొస ఒక పళ్లెంలో నీళ్లలో ముంచి, రెండు పక్కలా కిటికీలు తెరిచి గాలి ఆడేలా పెట్టాను. సాయంత్రానికి అరచెయ్యి ఆనిస్తే చల్లగా తగిలింది. ఎండ ఎంత మండితే గోనె అంత చల్లబడుతోంది. చిన్నప్పుడు ఆ కుండలోంచి ఎన్ని చెంబులు తాగానో, ఒక్కసారీ ఆశ్చర్యపడలేదు. ఇప్పుడు ఈ దేశంలో, ఈ పడవలో, నేను ఆ గోనె చుట్టూ చేతులు వేసి నిలబడిపోయాను. మా ఆయన చూసి "ఇప్పుడు దీనికి రవికె కూడా కుడతావేంటే" అన్నాడు.

అంతా సర్దుకుందన్న ధీమాతో ఒక వారాంతం బెల్‌ఫాస్ట్‌లో స్నేహితుల గృహప్రవేశానికి వెళ్లాం. బకెట్టులో బీరు పొంగుతోంది, పక్కన సీసా భద్రంగా ఉంది, పళ్లెం నిండా నీళ్లు పోశాను. తిరిగొచ్చేసరికి పడవ ఎప్పటిలాగే నీళ్ల మీద ఊగుతోంది. తలుపు తీసి చూశాను. గిన్నెలన్నీ ఒకవైపు గుట్టగా పడి ఉన్నాయి. పుస్తకాలు నేల మీద. మెట్ల కింది అర తలుపు బార్లా తెరుచుకుని, బకెట్టు బోర్లా పడి ఉంది. నేలంతా జిగట, దాని మీద ఈగలు.

వెనక పడవతను జరిగింది చెప్పాడు. శనివారం ఎవరో లాక్, అంటే నీటిమట్టం మార్చి పడవల్ని దాటించే గేట్ల తొట్టి, దాటి, గేటు తూము సరిగా మూయకుండా వెళ్లిపోయారు. తెల్లారేసరికి మా వైపు నీళ్లన్నీ దిగువకు పోయాయి. గట్టు పక్క మెరక ఉండటంతో మా పడవ ఒక పక్కకు ఒరిగి బురదలో కూర్చుంది. సాయంత్రానికి మళ్లీ నీళ్లు వదిలారు, పడవ తేలింది. బయటి నుంచి చూసేవాళ్లకు ఏమీ జరగనట్టే ఉంది.

సీసా దొర్లుకుంటూ వెళ్లి ఇంజను కింద డీజిల్ మడుగులో మూత లేకుండా దొరికింది. లోపల నల్లటి నీళ్లు. బకెట్టు అడుగున మిగిలిన నాలుగు గరిటెలు పుల్లటి వెనిగర్ వాసన కొట్టాయి. నేను నేల మీద కూర్చుని ఏడ్చాను. తుడవాలని కూడా అనిపించలేదు. గ్లాస్గోలో ఆ మనిషి నడక మళ్లీ నేర్చుకుంటోంది, ఆమెకు మిగిలిన ఒకే ఒక్క సంగతి నా చేతుల్లో పెట్టి వెళ్లింది.

మా ఆయన మెల్లగా అన్నాడు.

"షాపులో పాకెట్టు ఈస్ట్ దొరుకుద్ది. సీసా కడిగి అది పోసేద్దాం. ఆవిడకేం తెలుత్తాదే? పెద్దావిడ, బాధపడటం ఎందుకు?"

మంచికే అన్నాడు. ఒక్క నిమిషం నాకూ ఆశ పుట్టింది. మరునిమిషం ఒళ్లు మండింది.

"నీ పెరుగు పోతే నువ్వు సున్నపునీళ్లు పోస్కొని తింటావేమప్పా? పోయిన తోడుకు పాకెట్టు యాడన్నా..."

అక్కడ ఆగాను. మా జేజి తోడు పోతే ఏం చేసేది? పాకెట్టు కొనేది కాదు. గిన్నె పట్టుకుని, తాను ఎవరికి ఇచ్చిందో వాళ్లింటికి వెళ్లేది. అడగడానికి సిగ్గు లేదు, ఇవ్వడానికి ఆలోచన లేదు. వీధి అంతా తిరిగేది ఒకటే తోడు.

"రొట్టెల పిల్ల!" అని అరిచాను.

ఫోన్ నంబరు లేదు. కానీ కాలువ అన్నాక రెండే దిక్కులు. పడవ పోతే అటు పోవాలి, లేదా ఇటు పోవాలి. తర్వాతి శనివారం సైకిళ్లు వేసుకుని, గట్టు వెంబడి పడమటివైపు బయలుదేరాం. కనిపించిన ప్రతి పడవనూ అడిగాం. రొట్టెలమ్మాయా, పోయిన వారం చూశామే అన్నారు ఒకరు. ఇంకొకరు న్యూబరీ దాటింది అన్నారు. న్యూబరీ దాటాక ఇంకా ముందుకు పోయింది అన్నారు. ఎండకు తల మాడిపోయింది, కాళ్లు బిగుసుకుపోయాయి, నీళ్లసీసాలు ఖాళీ అయ్యాయి. చివరకు ఒక బక్క చెట్ల వరస కింద ఆ పడవ, కిటికీలో రొట్టెలు కనిపించేసరికి బాగా సాయంత్రమైంది.

"దీపాలెట్టే వేళయింది. ఇప్పుడు తోడు అడగొచ్చా మరి?" అన్నాడు మా ఆయన, రొప్పుతూనే.

"తలెత్తి చూడప్పా. ఈ దేశంలో పొద్దు ఇంకా యాడ మునిగింది?"

తొమ్మిది కావొస్తున్నా ఆకాశం తెల్లగానే ఉంది. జీవితంలో మొదటిసారి ఇంగ్లండ్ పొద్దుకు చేతులెత్తి దండం పెట్టాను.

సంగతి విని ఆ అమ్మాయి లోపలికి వెళ్లి, ఒక మట్టికూజా తెచ్చి మూత తీసింది. అదే తెల్లటి మీగడ. అదే బేరిపండు వాసన. మాల్టు నీళ్లు పోస్తూ దాన్ని ఇన్నాళ్లూ పోషించింది, దాంతోనే రొట్టెలు పొంగించింది. "నా ఒక్కదాని దగ్గరే కాదు" అంది. "బాత్ ఊరివైపు వెళ్లే ఒక జంటకు ఇచ్చాను. కాచుకుంటున్నారట. లాక్ దగ్గరుండే పెద్దాయన అడిగితే ఆయనకూ ఇచ్చాను. నువ్వు నాకు ఇచ్చావు కదా మరి."

నేను గట్టు మీద కూలబడ్డాను. ఒక మనిషి మెట్ల కింది అరలో ఏళ్ల తరబడి దాచుకున్నది, మనిషి నడిచే వేగంతో పోయే పడవల్లో ఊరూరా తిరుగుతోంది. ఆయన్ని ఎన్నడూ చూడని వాళ్లు దాన్ని రోజూ పొద్దున అరచేత్తో తడిమి చూసుకుంటున్నారు. నేను ఇచ్చింది ఒక జామ్ సీసా. దాని వెనక ఇంత జరుగుతుందని నాకు ఎలా తెలుస్తుంది? కళ్లు తుడుచుకోవడం కూడా మరిచి ఆ కూజాలోకి చూస్తూ ఉండిపోయాను.

ఆ అమ్మాయి నింపి ఇచ్చిన సీసాను తడి గోనెలో చుట్టి, సైకిలు బుట్టలో పెట్టుకుని, పురిటిబిడ్డను ఇంటికి తెచ్చినట్టు తెచ్చుకున్నాం. మర్నాడే కాచాను.

ఆంటీ సెప్టెంబరు చివర్లో వచ్చింది, చేతికర్ర పట్టుకుని, కాస్త చిక్కి. ఆ సాయంత్రం తన కుర్చీలో కూర్చోబెట్టి, అర గ్లాసు పోసి చేతికిచ్చాను. ఆమె పెదవుల దాకా తీసుకెళ్లేలోపే "ఆగండి ఆంటీ" అన్నాను. ఒరిగిన పడవ, డీజిల్‌లో పడిన సీసా, ఆమెను అడగకుండా మా జేజి నియమాల ప్రకారం నేను రొట్టెల పిల్లకు ఇచ్చిన నురగ, అంతా చెప్పేశాను. మా ఆయన పక్కన నిలబడి తన బూట్లు చూసుకుంటున్నాడు.

ఆమె గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. ఒక గుక్క తాగింది, ఆగింది, మళ్లీ తాగింది. గ్లాసు ఖాళీ అయ్యాక ఒళ్లో పెట్టుకుంది.

"ఇంకా ఎవరి దగ్గర ఉంది?" అని అడిగింది.

చెప్పాను. బాత్ జంట, లాక్ దగ్గర పెద్దాయన, రొట్టెల అమ్మాయి. ఆమె ఒక్కొక్కరి గురించీ మళ్లీ మళ్లీ అడిగింది. వాళ్ల పడవ రంగు, వాళ్లు బకెట్టు ఎక్కడ పెడతారు, పేపర్లు వేస్తారా లేదా. నాకు తెలిసినంత చెప్పాను.

"మత్తుమందు ఇచ్చే ముందు నాకున్న భయం ఒక్కటే" అంది కాసేపటికి. "నేను లేవకపోతే, ఆయన మొత్తం పోయినట్టే కదా అని. ఆయన దాన్ని దాచలేదు తెలుసా? ఎవరూ అడగలేదు. ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు."

తర్వాత ఏడ్చింది. నేను ఆమె భుజం పట్టుకుని కూర్చున్నాను. మా ఆయన గ్లాసు మళ్లీ నింపి తెచ్చాడు.

మరుసటి వసంతంలో కాచిన ప్రతిసారీ ఆమె నా చేత నురగంతా జామ్ సీసాల్లోకి తీయించి, తన పడవ పైకప్పు మీద నీడలో వరసగా పెట్టించేది. తడి గోనె కప్పేది. దారిన పోయే పడవల్ని కర్ర ఊపి ఆపి, బలవంతంగా చేతుల్లో పెట్టేది. సగం మందికి అదేమిటో కూడా తెలియదు. ఆమె కూర్చోబెట్టి చెప్పేది, రజాయి కథతో సహా.

ఒక సాయంత్రం నేను రైలు దిగి గట్టు మీద నడిచి వస్తుంటే, పొద్దు గూకింది, పడవల్లో ఒక్కొక్క దీపమే వెలుగుతోంది. కొత్తగా ఆగిన పడవలోంచి ఒకతను వచ్చి ఆమె ముందు నిలబడి ఉన్నాడు. సీసాల సంగతి ఎవరో చెప్పారట, ఒకటి కావాలన్నాడు. పైకప్పు మీద ఇంకా నాలుగు సీసాలు ఉన్నాయి. ఆంటీ వాటి మీద గోనె సరిగ్గా కప్పి, అతనివైపు తిరిగింది.

"పొద్దున్నే రా, నీకోసం ఒకటి పక్కన పెడతాను" అంది. "దీపాలు పెట్టాక మేము ఇవ్వం."